నేను చూడని నోరు

అరవైల చివర, డిగ్రీ పూర్తయిన ఏడాదికి, నాకు నోళ్ళు చూసే ఉద్యోగం దొరికింది. అలా అంటే ఎవరికీ అర్థమయ్యేది కాదు. కొత్తవలస దగ్గర మా ఊళ్ళో మా నాన్న మాత్రం "మావాడు యూనివర్సిటీలో కేన్సరు మీద పరిశోధన సేస్తన్నాడు" అని వచ్చేపోయే వాళ్ళందరికీ చెప్పుకునేవాడు. పరిశోధన చేసేది ప్రొఫెసరుగారు. నేను టార్చిలైటు పట్టుకునేవాణ్ణి, కార్డులు నింపేవాణ్ణి, తెల్ల ఎలకల పెట్టెలు కడిగేవాణ్ణి.

మా సముద్రపు ఒడ్డున ఆడవాళ్ళు చుట్ట అడ్డపొగ కాలుస్తారు. అంటే వెలిగించిన కొసను నోట్లో పెట్టుకుని, వెలిగించని కొసను బయటికి ఉంచి పొగ పీలుస్తారు. మంట నోట్లో ఉంటే గాలికి ఆరదు, చేతిలో పని ఆగదు, నుసి కూరలో రాలదు. మా నాయనమ్మ కూడా అలాగే కాల్చేది. చిన్నప్పుడు ఆవిడ ముద్దు పెట్టుకోవడానికి దగ్గరికి లాక్కుంటే ఊపిరి బిగబట్టి మొహం తిప్పేసుకునేవాణ్ణి. ఆ వాసనంటే నాకు అంత అసహ్యం. అలాంటివాణ్ణి తీసుకెళ్ళి ఆ వాసన మధ్యలోనే ఉద్యోగానికి కూర్చోబెట్టారు.

ఈ అలవాటున్న ఆడవాళ్ళకి అంగిట్లో, అంటే నోటి పైకప్పులో, కేన్సరు ఎందుకు పుడుతుందో తేల్చాలని విశ్వవిద్యాలయం వాళ్ళు పూనుకున్నారు. అసలు లేబరేటరీ పట్నంలో ఉండేది. ఊళ్ళకి దగ్గరగా ఉండాలని శ్రీకాకుళంలో నాగావళి గట్టుకి ఇవతల ఒక పాత పెంకుటిల్లు అద్దెకు తీసుకుని, అందులో చిన్న శాఖ పెట్టారు. ముందుగదిలో మైక్రోస్కోపు, కండను పల్చగా కోసే యంత్రం, గోడవారగా సీసాలు. వెనకగదిలో ఎలకలు. మధ్యలో వరండాలో మేం అన్నాలు తినే బల్ల. ప్రొఫెసరుగారు పట్నం నుంచి పదిహేను రోజులకొకసారి వచ్చేవారు. మిగతా రోజుల్లో నేనూ, స్లైడులు చేసే ముసలాయనా ఉండేవాళ్ళం.

ఆ ముసలాయన పట్నం ఆసుపత్రిలో ముప్ఫై ఏళ్ళు శవాల గదిలో పనిచేసి వచ్చినవాడు. దేనికీ ముఖం చిట్లించేవాడు కాదు. ఫార్మలిన్‌లో నానుతున్న చిన్న చిన్న మాంసపు ముక్కల సీసాలను మోచేత్తో పక్కకి జరిపి, ఆ జాగాలో కేరేజీ విప్పుకుని ఆవకాయ కలుపుకునేవాడు. నేను వరండాలో కూర్చుని తినబోయినా ముద్ద గొంతు దిగేది కాదు. ఫార్మలిన్ కళ్ళల్లో మండేది. ఎలకల పెట్టెల్లో రంపపుపొట్టు తడిసి కుళ్ళిన వాసన వచ్చేది. అన్నిటికంటే ఘోరమైనది చుట్టల తారు.

ఊళ్ళల్లో ఆడవాళ్ళు కాల్చి పారేసిన చుట్టపీకలు గోనెసంచుల్లో ఏరించి తెచ్చేవాళ్ళం. ప్రతి పీకకీ ఒకరి ఎంగిలి ఉంటుంది, ఎండి అట్టకట్టి ఉంటుంది. వాటిని చేత్తో చిదిపి, మందులో నానబెట్టి, వడకట్టి, సన్నటి సెగ మీద ఇగరబెడితే నల్లటి జిగురు మిగిలేది. ఎలకల వీపు మీద బొచ్చు గొరిగి, ఆ జిగురును వారానికి మూడుసార్లు కుంచెతో పూయడం నా పని. పూస్తుంటే అవి నా చేతుల్లో కిచకిచమంటూ వణికేవి, నా వేళ్ళ మీదే ఉచ్చ పోసేసేవి. సాయంత్రం నదిలో దిగి ఇసకతో ఒళ్ళు రుద్దుకున్నా ఆ కంపు గోళ్ళ సందుల్లో మిగిలేది. సెలవుకి ఇంటికెళ్ళినప్పుడు మా అమ్మ నా చొక్కాలను గడప దాటనిచ్చేది కాదు. "పశువుల సాలలో తగిలించుకోరా. ఇదేటి సదువురా, కాటికాపరి కంపు కొడతన్నావు" అనేది.

ఎనిమిది నెలలకి ఒక ఎలక వీపు మీద కందిగింజంత పుండు లేచింది. ప్రొఫెసరుగారు దాన్ని అరచేతిలో పెట్టుకుని కిటికీ దగ్గర వెలుతురులో చూస్తూ చాలాసేపు నిలబడ్డారు. "ఇది మన మొదటి విజయం" అన్నారు. నిజంగానే సంతోషించారు. ఆ ఎలక మెడ నొక్కి చంపమని ముసలాయనతో చెప్పి, నన్ను పంపించి కాజాలు తెప్పించారు. నా వంతు కాజా నేను కాగితంలో చుట్టుకుని, వంతెన మీద నుంచి నాగావళిలోకి విసిరేశాను.

ఎలకల పని కంటే ఊళ్ళల్లో పని నాకు కష్టంగా ఉండేది. జీపులో భావనపాడు వైపు వెళ్ళేవాళ్ళం. వలలు ఆరేసుకునే పాకలో ఒక బల్ల వేసి, ఆడవాళ్ళను వరసగా కూర్చోబెట్టి, ఒక్కొక్కరి నోరు తెరిపించి చూడాలి. ఒక్కొక్కరికీ ఒక కార్డు. కార్డు మీద అంగిలి బొమ్మ అచ్చువేసి ఉంటుంది. మచ్చ ఎక్కడుంటే అక్కడ ఎర్రపెన్సిలుతో దిద్దాలి. ఆర్నెల్లకొకసారి అదే మనిషిని మళ్ళీ చూసి, మచ్చ పెరిగిందో తగ్గిందో, పుండు పడిందో రాయాలి. అలా రెండు మూడేళ్ళు చూస్తే, మామూలు మచ్చ కేన్సరుగా మారడానికి ఎంతకాలం పడుతుందో తెలుస్తుందని ప్రొఫెసరుగారి ఆలోచన. మంచి ఆలోచనే. అప్పటికి మా వైపు ఎవరూ అలా చూడలేదు.

అయితే ఆ నోళ్ళు చూడటం అందరివల్లా అయ్యే పని కాదు. పళ్ళు నల్లగా మాడిపోయి ఉండేవి. అంగిలి ఎండిన చెరువు మట్టిలా తెల్లగా నెర్రెలు విచ్చి, మధ్యమధ్య ఎర్రటి చుక్కలతో ఉండేది. చుట్ట, ఎండుచేప, కల్లు, పుచ్చిన పన్ను, అన్నీ కలిసిన ఆవిరి ఒక్కసారిగా మొహానికి కొట్టేది. ప్రొఫెసరుగారు మాత్రం జానెడు దూరంలో మొహం పెట్టి, తొందర లేకుండా, "ఇంకొంచెం తెరు తల్లీ" అంటూ చూసేవారు. ఆయన ముక్కుపుటాలు కదలడం కూడా నేనెప్పుడూ చూడలేదు. తర్వాత ఆయన మీద నాకెంత రోత పుట్టినా, ఈ ఒక్క విషయంలో ఆయన ముందు నేను చాలా తక్కువవాణ్ణి.

అక్కడే ఆవిణ్ణి చూశాను. యాభై ఏళ్ళుంటాయి. మొగుడు తెప్ప మీద పోయి తిరిగి రాలేదు. కొడుకూ కోడలితో ఉండేది. ఎండుచేపల గంప నెత్తిన పెట్టుకుని నౌపడ స్టేషనుదాకా, ఒక్కోసారి టెక్కలి సంతదాకా నడిచి వెళ్ళేది. ఆవిడ కేక వేస్తే అర్ధఫర్లాంగు దూరం వినపడుతుందని ఊళ్ళో చెప్పుకునేవారు. మొదటిసారి పాకలోకి వచ్చినప్పుడు ప్రొఫెసరుగారిని నిలదీసినట్టే అడిగింది.

"నా నోట్లో ఏటుందని సూస్తారు బావూ? పళ్ళు కూడా సరిగ్గా లేవు."

"అడ్డపొగ ఎన్నేళ్ళ నుంచి కాలుస్తున్నావమ్మా?"

"సమర్తాడక ముందు నుంచీ. మా అమ్మ అలవాటు సేసినాది. సంద్రం గాలికి నిప్పు నిలబడాలంటే లోపలెట్టుకోవాల. మీ పట్నపోలు బయటెట్టి కాలస్తారు, సగం గాలికే పోతాది."

ఆయన నవ్వి, నోరు చూశారు. అంగిట్లో ఎడమవైపు రూపాయి బిళ్ళంత తెల్లమచ్చ. నేను కార్డు మీద దిద్దాను. ఆర్నెల్ల తర్వాత మళ్ళీ వస్తామని, ఈలోగా చుట్ట మానమని చెప్పారు. "మానేస్తే పేణం ఎలాగుంటాది బావూ" అంటూ ఆవిడ వెళ్ళిపోయింది.

ఆర్నెల్లు తిరిగేసరికి నడివేసవి. ప్రొఫెసరుగారికి ఢిల్లీలో ఏదో సమావేశం ఉండి, నన్నూ ముసలాయన్నీ వెళ్ళి రమ్మన్నారు. అప్పటికి నాకు చూడటం వచ్చునని ఆయన నమ్మకం. ఆ రోజు పాకలో గాలి ఆడలేదు. పక్కనే ఇసకలో కవ్వళ్ళ చేపలు ఆరబోశారు. పొద్దున్నించీ నాకు తలనొప్పి. ముసలాయన జీపు నీడలో కూర్చుని సీసాలకి చీటీలు అతికిస్తున్నాడు. నేనొక్కణ్ణే బల్ల దగ్గర ఉన్నాను.

ఆవిడ వంతు వచ్చింది. అప్పుడే నోట్లోంచి చుట్ట తీసి, ఆర్పి, చెవి మీద పెట్టుకుని కూర్చుంది. నోరు తెరిచింది. టార్చి ఎత్తాను. లోపలినుంచి వెచ్చగా వచ్చిన ఆ కంపుకి నా గొంతులోకి పులుపు ఎగదన్నింది. మొహం పక్కకి తిప్పేశాను. వెలుగు ఆవిడ బుగ్గ మీద పడిందో, పంటి మీద పడిందో నాకు తెలియదు. అంగిలి మీద మాత్రం పడలేదు.

"అయిపోయింది" అన్నాను.

"అప్పుడే అయిపోనాదా? ఆ పెద్దబావు సానాసేపు సూసినాడు."

"ఇది రెండోసారి కదా. ఎక్కువసేపు అక్కర్లేదు."

ఆవిడ లేవలేదు. "లోపల ఎడంపక్కన ఏదో గరగరలాడతన్నాది బావూ. పులుసు తగిల్తే సురుక్కుమంటాది."

"ఈసారి పెద్ద డాక్టరుగారు వచ్చినప్పుడు చెప్పు" అని, కార్డు మీద 'మార్పు లేదు' అని రాసి, కింద సంతకం పెట్టాను. ఇంకో మనిషిని పిలిచాను.

ఆ మధ్యాహ్నం ఇంకెందరి కార్డుల మీద అలా రాశానో నాకు ఇప్పటికీ తెలియదు. కొందరివి నిజంగానే చూశాను. కొందరివి చూశాననుకున్నాను. సాయంత్రం తిరుగుప్రయాణంలో ఉప్పుమడుల గాలి చల్లగా మొహానికి తగిలేసరికి తలనొప్పి తగ్గింది. పని తొందరగా ముగిసిందని ముసలాయన మెచ్చుకున్నాడు కూడా.

వానలు వెనకబట్టాక ప్రొఫెసరుగారితో కలిసి మూడోసారి వెళ్ళాం. ఆవిడ చిక్కిపోయింది. నోరు తెరవగానే ఆయన టార్చి ఇంకొంచెం లోపలికి వంచారు. తర్వాత నన్ను దగ్గరికి పిలిచి చూడమన్నారు. తెల్లమచ్చ మధ్యలో పుండు, అంచులు పైకి లేచి, పువ్వు విచ్చినట్టు ఉంది. గోరంత ముక్క కోసి సీసాలో వేశారు. ఆవిడ రక్తం ఉమ్మి, పైటచెంగుతో తుడుచుకుని, "గుండెల్లోకి పోనాది నొప్పి" అంది. జీపు ఎక్కాక ప్రొఫెసరుగారు ఆ సీసాను డ్రైవరుకి ఇవ్వలేదు. శ్రీకాకుళందాకా తన ఒళ్ళోనే పెట్టుకుని వచ్చారు.

మూడు రోజుల్లో ముసలాయన ముక్కను మైనంలో పొదిగి, పల్చగా కోసి, రంగులు అద్ది స్లైడు తయారుచేశాడు. ఆయన జీవితంలో అంత శుభ్రంగా కుదిరిన స్లైడు లేదట. ప్రొఫెసరుగారు మైక్రోస్కోపు ముందు కూర్చుని "రండి, రండి" అని మమ్మల్ని పిలిచారు. ఒకే ముక్కలో మూడు దశలూ కనిపిస్తున్నాయి. ఒక చివర మామూలు చర్మం, మధ్యలో మచ్చ, రెండో చివర కేన్సరు. గులాబీరంగులో, ఊదారంగులో, చీర అంచులా ఉంది. అందంగానే ఉంది. అదే నాకు ఇంకా రోతగా అనిపించింది.

తర్వాత ఆయన కార్డు తెప్పించి బల్ల మీద పరిచారు. "చూడు. మొదటిసారి మచ్చ. ఆర్నెల్లకి మార్పు లేదు. ఏడాదికి కేన్సరు. అంటే ఈ మార్పు మెల్లగా రావడం లేదు, ఉన్నట్టుండి ఆర్నెల్లలో వచ్చేస్తోంది. ఇది ఇంతవరకు ఎవరూ చెప్పలేదు." ఆయన కళ్ళు మెరుస్తున్నాయి. అక్కడికక్కడే కాగితం మీద గీత గీశారు. మొదట అడ్డంగా నేలబారుగా వెళ్ళి, తర్వాత ఒక్కసారిగా పైకి లేచిన గీత. ఆ నేలబారు గీత నా సంతకం కింద ఉన్న అబద్ధం. నేను ఆ కార్డు తీసి పెట్టెలో సర్దేశాను.

ఆవిడకి ఎవరు చెప్పాలన్న ప్రశ్న రావడానికి నాలుగు రోజులు పట్టింది. అది కూడా నేనడిగితే వచ్చింది. "పంచాయతీకి ఉత్తరం రాయి, పెద్దాసుపత్రికి వెళ్ళమని" అన్నారు ఆయన, వ్యాసం రాసుకుంటూ. ఉత్తరం రాశాను. పది రోజులు గడిచినా జవాబు లేదు. ఆ పది రోజులూ స్లైడు పెట్టె తెరిచినప్పుడల్లా ఆవిడ నెంబరు కనిపించేది. ఆదివారం పొద్దున్నే టెక్కలి బస్సెక్కి, అక్కణ్ణించి నౌపడదాకా ఇంకో బస్సులో, మిగతాది నడిచి వెళ్ళాను. పంచాయతీకి నేను రాసిన ఉత్తరం సంగతి ఊళ్ళో ఎవరికీ చేరలేదు.

ఆవిడ ఇంటి వెనక కూర్చుని చేపలు ఏరుతోంది. కోడలు నీళ్ళు మోసుకొస్తోంది. కోడలికి ఇరవై అయిదేళ్ళుంటాయి, నన్ను చూసి అప్పు జప్తుకొచ్చిన కోర్టు అమీనా అనుకుని దారికి అడ్డంగా నిలబడింది.

"నోట్లో పుండు చెడ్డదమ్మా. పట్నం ఆసుపత్రికి వెళ్ళాలి. కోసి తీసేస్తారు" అన్నాను అత్తతో.

ఆవిడ చెయ్యి ఆపలేదు. "తీసెయ్యకపోతే ఏటవుతాది?"

"పెరుగుతుంది. ముద్ద దిగదు."

"తీసేస్తే దిగుతాదేటి?"

కోడలు బిందె కింద పెట్టి అత్తను చూసి అంది: "నెలయి నా మొగుడికి సెప్తన్నాను, అత్త కూడు తినడంలేదని. ఇనడు. రేపే ఎల్దాం. నానొస్తాను."

"నువ్వొస్తే పిల్లల్ని ఎవులు సూస్తారే?"

"ఊరు సూస్తాది. నువ్వు లెగు."

ఇక్కడ ప్రొఫెసరుగారి గురించి ఒక మాట చెప్పకపోతే అన్యాయమవుతుంది. ఆవిడ పట్నం వచ్చిందని తెలిసి, ఆయనే స్వయంగా ఆసుపత్రికి వెళ్ళి, పెద్ద సర్జనుతో మాట్లాడి, అదే రోజు మంచం ఇప్పించారు. ఆపరేషను అయ్యేదాకా బయట వరండాలో నిలబడ్డారు. కోసి తీసిన భాగాన్ని మాత్రం సీసాలో వేయించుకుని వెంట తీసుకెళ్ళారు. రెండూ చేసినవాడు ఒకే మనిషి. ఎడమవైపు అంగిలి సగానికి పైగా పోయింది. పళ్ళ డాక్టర్లు గులాబీరంగు ప్లేటు ఒకటి చేసి, ఆ కన్నానికి అడ్డం పెట్టుకోమన్నారు. ప్లేటు తీస్తే తాగిన గంజి ముక్కులోంచి వచ్చేది.

వ్యాసం విదేశీ పత్రికకి పంపే ముందురోజు నేను పట్నం వెళ్ళి ప్రొఫెసరుగారి గదిలో నిలబడి చెప్పాను. రెండోసారి ఆవిడ నోరు నేను చూడలేదని, వాసన భరించలేక రాసేశానని, ఆవిడ నొప్పి అని చెప్పినా పట్టించుకోలేదని చెప్పాను. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.

"ఇలాంటివి ఎన్ని కార్డులు?"

"తెలియదండి."

"తెలియనప్పుడు ఏవి తీసెయ్యమంటావు?"

ఆయన కళ్ళజోడు మళ్ళీ పెట్టుకున్నారు.

"ఒక్క మనిషి మాట వల్ల మూడేళ్ళ పని ఆపలేను. మిగతా కార్డులు ఉన్నాయి, స్లైడు ఉంది. స్లైడు అబద్ధం చెప్పదు. నువ్వు వెళ్ళు. ఇకనుంచి జాగ్రత్తగా చూడు." ఆయన కోప్పడలేదు. కోప్పడి ఉంటే నాకు కొంత తేలికగా ఉండేదేమో. మర్నాడు వ్యాసం టపాలో వెళ్ళిపోయింది.

మరుసటి ఏడాది అది అచ్చయి వచ్చింది. మెత్తటి మెరుపు కాగితం మీద ఆవిడ అంగిలి స్లైడు సగం పేజీ వేశారు. పక్కన ఆ గీత. ఆఖర్న చిన్న అక్షరాల్లో, 'ఊళ్ళలో శ్రద్ధగా పరీక్షలు జరిపినందుకు' అని నాకు కృతజ్ఞతలు. విశ్వవిద్యాలయంలో సభ పెట్టారు. ప్రొఫెసరుగారి మెడలో చామంతి దండలు వేశారు, ఎవరో ఇంగ్లీషులో చాలాసేపు పొగిడారు. మన జిల్లా పేరు ప్రపంచానికి తెలిసిందన్నారు. ఉప్మా, మైసూరుపాకు పెట్టారు. మైసూరుపాకు నెయ్యి కారుతూ నా వేళ్ళకి అంటుకుంది. చుట్టల తారు గుర్తొచ్చి, వేళ్ళు ధోవతికి తుడుచుకుని వెనకద్వారం గుండా వచ్చేశాను. మా నాన్న ఆ పత్రికను కొత్తవలస స్టేషనులో తెలిసినవాళ్ళందరికీ చూపించాడట. ఆయనకి ఇంగ్లీషు రాదు. నా పేరు ఎక్కడుందో వేలుపెట్టి చూపించేవాడు.

ఆ వారమే భావనపాడు వెళ్ళాను. ఆవిడ అరుగు మీద కూర్చుని వల చిక్కులు తీస్తోంది. మాట ముక్కులోంచి వస్తోంది, కొన్ని అక్షరాలు తెలియడం లేదు. చేపలకి వెళ్ళడం మానేసిందట. కేక వేస్తే సంతలో పిల్లలు నవ్వుతున్నారట. గంప ఇప్పుడు కోడలు మోస్తోంది. ఆవిడ వేళ్ళ మధ్య చుట్ట కాలుతోంది, నిప్పు బయటకి ఉంది.

"ఇంకా కాలుస్తున్నావా?" అన్నాను. ఆ అసహ్యం నా గొంతులో దాగలేదు.

"నిప్పు బయటెట్టినాను గదా. మీ పట్నపోలు లాగ." చుట్ట నేలకి రుద్ది ఆర్పింది. "ఏటి పనిమీద వొచ్చినావు?"

చెప్పాను. వేసవిలో వచ్చినప్పుడు నేను నీ నోరు చూడలేదు. చూసుంటే ఆర్నెల్లు ముందే తెలిసేదేమో. ఇంత కోయాల్సి వచ్చేది కాదేమో. నిలబడే చెప్పాను, కూర్చోబుద్ధి కాలేదు.

ఆవిడ వలలో ఇంకో చిక్కు విప్పింది. "నాకు తెలుసు" అంది. "ఎలుగు బుగ్గ మీద ఏసినావు. ఏడి తగిలినాది. సదువుకున్నోడు గదా, బుగ్గ మీంచే కనపడతాదేమో అనుకున్నాను."

నేనేదో అనబోయాను. ఆవిడ చెయ్యి అడ్డంపెట్టి ఆపింది. వేలు నోట్లో పెట్టి, ఆ గులాబీరంగు ప్లేటు తీసి, చెంగులో పెట్టుకుంది. తల వెనక్కి వంచి నోరు తెరిచింది.

"సూడు" అంది. ఆ మాట గాలిలా వచ్చింది.

నా దగ్గర టార్చి లేదు. పొద్దుటి ఎండ సూటిగా పడుతోంది. వంగి చూశాను. ఎర్రటి కన్నంలోంచి ముక్కు లోపలి గోడలు కనిపిస్తున్నాయి, తడిగా మెరుస్తున్నాయి, ఊపిరి తీసినప్పుడల్లా కదులుతున్నాయి. అంచు మీద అన్నం మెతుకు ఒకటి అంటుకుని ఉంది. కంపు వచ్చింది. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి, అది జాలి వల్లో కంపు వల్లో నేను చెప్పలేను. ఆవిడ మూసేదాకా చూశాను. ఆవిడ చాలాసేపటిదాకా మూయలేదు.

తర్వాత ప్లేటు పెట్టుకుని, "మా కోడలి నోరు కూడా సూసి ఎల్లు" అంది. కోడలు సిగ్గుపడుతూ వచ్చి కూర్చుంది. ఆమె కూడా అడ్డపొగే. అంగిలి ఇంకా శుభ్రంగా ఉంది. రెండుసార్లు చూశాను.

శ్రీకాకుళం తిరిగొచ్చి కార్డు తీసి, 'మార్పు లేదు' కొట్టేసి, 'చూడలేదు' అని రాసి సంతకం పెట్టాను. దానివల్ల ఏమీ మారలేదు, అచ్చయింది అచ్చయినట్టే ఉంది. ఆ వేసవి కార్డులన్నీ పక్కన పెట్టుకుని, సెలవు రోజుల్లో బస్సుల్లో తిరుగుతూ ఆ ఆడవాళ్ళందరినీ మళ్ళీ చూశాను. కొత్తగా పుండు ఎవరికీ కనపడలేదు. ఇద్దరు మాత్రం లేరు. ఒకామె కూతురింటికి ఒరిస్సా వైపు వెళ్ళిపోయిందట. రెండో ఆమె పోయింది. ఎలా పోయిందని అడిగితే, ఇంటివాళ్ళు జ్వరమన్నారు. చివర్లో కూడు తిన్నదా అని అడగడానికి నాకు ధైర్యం చాల్లేదు.

ఇంకో ఏడాది ఆ పనిలో ఉన్నాను. వాసనకి అలవాటు పడలేదు. అయినా ప్రతి నోరూ పూర్తిగా చూసేవాణ్ణి. తర్వాత విజయనగరంలో స్కూలు మాస్టరుగా ఉద్యోగం వచ్చింది, వెళ్ళిపోయాను. ప్రొఫెసరుగారు మంచి సర్టిఫికెట్టు ఇచ్చారు. అందులోనూ శ్రద్ధ అనే మాట ఉంది.

నాలుగైదేళ్ళ తర్వాత ఒక పెళ్ళికి వెళ్ళి వస్తూ నౌపడ స్టేషనులో బండి కోసం నిలబడ్డాను. ఆ కోడలు గంపతో కనిపించింది. నేను గుర్తుపట్టలేదు, ఆమే పలకరించింది. అత్త పోయి ఏడాదయిందట. పుండు మళ్ళీ వచ్చిందట, ఈసారి గొంతువైపు. ఆఖరి నెలల్లో కొడుకు వేరే పాకలో పడుకునేవాడట.

"నానే కడిగేదాన్ని బావూ, రోజూ, ఉప్పునీళ్ళతో. కంపు కొట్టీది. ఏటి సేస్తాం, కడగాల గదా."

"నువ్వు మానేశావా?" అన్నాను.

"మానేసినాను. ఆ నోరు కడిగినోళ్ళు కాల్చగలరేటి?" అని, ప్లాట్‌ఫారం చివర పొగ కనిపించేసరికి తలగుడ్డ సర్దుకుంది. "బండొస్తన్నాది. కాస్త గంపకి సెయ్యెయ్యి."

గంప ఎత్తి ఆమె నెత్తిన పెట్టాను. చేపనీళ్ళు కారి నా పెళ్ళిచొక్కా మోచేతిదాకా తడిసింది. ఆమె ఆడవాళ్ళ పెట్టెవైపు గబగబా నడిచింది. నేను నా పెట్టె వెతుక్కున్నాను.